వెనక్కి పిలవని పెద్దావిడ

మాది బట్టల కొట్టు. నరసరావుపేట బజారులో మా నాన్న కొట్టు, దాని పక్కన మా పెదనాన్న కొట్టు, ఎదురుగా మా మేనమామ స్టీలు సామాన్ల కొట్టు. ఆ వీధిలో పుట్టిన పిల్లలకి నడక కంటే ముందు బేరం వస్తుంది. గ్లాసులో పాలు ఎంతవరకు తాగాలో మా అమ్మతో బేరమాడి, ఆవిడ ఒప్పుకున్నాక ఇంకాస్త తగ్గించమని ఏడ్చేదాన్నట.

ఆ వీధి బేరానికి ఒక పద్ధతి ఉంది. కొనేవాళ్ళొక మాట అంటారు, అమ్మేవాళ్ళొక మాట అంటారు. మధ్యలో పిల్లల చదువుల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ కాసేపు నడుస్తుంది. తర్వాత కొనే ఆవిడ చీర పక్కకి తోసి, "వద్దులెండి, ఇంకోసారి చూద్దాం" అని లేచి మెట్లు దిగుతుంది. అది వెళ్ళిపోవడం కాదు, బేరంలో అదొక మాట. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, మా నాన్నకీ తెలుసు, కొట్టు ముందు పడుకున్న కుక్కకి కూడా తెలుసు. దారి ఇవ్వడానికి అది లేవను కూడా లేవదు. ఆవిడ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోవడానికి అవస్థ పడుతున్నట్టు నటిస్తుంది. మా నాన్న తానుల మీద దుమ్ము దులుపుతున్నట్టు నటిస్తాడు. ఆవిడ నిజంగానే వీధిలో అడుగు పెట్టబోయే ముందు, "ఏమ్మా, అట్లా వెళ్ళిపోతే ఎట్లా? ఇలా రా" అని పిలుస్తాడు. పిలవకపోతే ఇద్దరికీ చిన్నతనమే.

ఈ ఒక్క విద్య పట్టుకుని నేను అమెరికా వచ్చాను. మోరిస్‌విల్‌లో సోఫా కొన్నా, ఫోన్ ప్లాన్ మార్చినా, చివరికి పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నా మొదటి మాటకి ఒప్పుకున్న పాపాన పోలేదు. ఆలోచించుకుని వస్తామని చెప్పి నేను తలుపు వైపు నడవడం మొదలుపెట్టగానే, మా ఆయన నాతో వచ్చిన మనిషే కానట్టు ముందే వెళ్ళి కార్లో కూర్చుంటాడు. చాలాసార్లు నన్ను వెనక్కి పిలిచారు. ఆ చాలాసార్లే నన్ను పాడుచేశాయి.

డిపెండెంట్ వీసా మీద వంటింట్లో ఏళ్ళు గడిచాక వర్క్ పర్మిట్ వచ్చింది. మా అబ్బాయి స్కూల్లో వాలంటీర్‌గా చేరి, తర్వాత సబ్‌స్టిట్యూట్‌గా స్కూళ్ళన్నీ తిరిగి, కోర్సులు చదివి, నాలుగో తరగతి టీచర్‌నయ్యాను. ఇక్కడ నాలుగో తరగతిలో సోషల్ అంటే సొంత రాష్ట్రం. నార్త్ కరోలినాలో పడమటి కొండలు, మధ్యలో మేముండే ఎగుడుదిగుడు నేల, తూర్పున సముద్రం. ఆ నేల మీద ముందు ఎవరున్నారు, తర్వాత ఓడల్లో ఎవరొచ్చారు. ఐదో తరగతికి వెళ్ళగానే పాఠం దేశం మీదికి పోతుంది. ఎలిమెంటరీ స్కూల్లో పిల్లలకి తమ రాష్ట్రం ఇంత దగ్గరగా దొరికేది ఆ ఒక్క ఏడాదే.

మా తరగతిలో సగం మంది మన పిల్లలే. ఇండియన్ స్టోర్‌లో ఎదురుపడ్డ తల్లులు కొత్తిమీర ఏరుతూ అడుగుతారు: "సోషల్‌కి స్టేట్ టెస్ట్ లేదు కదండీ? ఆ టైమ్‌లో మ్యాథ్స్ ఏమన్నా ఎక్స్‌ట్రా చేయిస్తారా?" వాళ్ళ దృష్టిలో సోషల్ అడుగు అరలో సర్దేసిన సరుకు. నేను మాత్రం ఆ సరుకుని ఎలాగైనా అమ్మి చూపించాలని పట్టుపట్టాను. పూర్వం ఇక్కడి జాతుల మధ్య గవ్వలూ జింక తోళ్ళూ చేతులు మారేవన్న పాఠం వచ్చినప్పుడు బెంచీలు రెండు వరసలు చేసి తరగతిలో సంత పెట్టాను. కొండ వాళ్ళు ఇటు, తీరం వాళ్ళు అటు. పిల్లలు గొంతులు పోయేలా బేరాలాడారు. ఒక తెలుగు పిల్లాడు ఆ వేడిలో బడి సంగతి మరిచిపోయి, "ఆంటీ, వీడు చీట్ చేస్తున్నాడు ఆంటీ!" అని అరిచాడు. ఆ రోజు నాకన్నా గొప్ప టీచరు ఈ రాష్ట్రంలో లేదనుకున్నాను.

ఆ మర్నాడే బోర్డు మీద పట్టీ గీశాను. ఏ జాతి ఏ నది పక్కన ఉండేది, ఏం తినేది, ఇళ్ళు ఎలా కట్టుకునేది; చివరి వరసలో లంబీ జాతి. అన్నీ ‘ఉండేది’, ‘తినేది’, ‘కట్టుకునేది’. కిటికీ పక్క బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తింది. ఆగస్టులో కొత్తగా చేరింది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు, పని కోసం ఇటు మారారు. ఆ పిల్ల మాట్లాడటమే అరుదు.

"మిస్, లంబీ వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు" అంది.

"అవునమ్మా, ఉన్నారు" అన్నాను, పట్టీ వైపు తిరుగుతూ.

"మేమే."

తరగతంతా వెనక్కి తిరిగింది. సంతలో గొంతు పోగొట్టుకున్న పిల్లాడొకడు బొంగురుగా అడిగాడు, "మరి నువ్వు జీన్స్ వేసుకున్నావేంటి?"

"నువ్వూ వేసుకున్నావుగా."

"నువ్వు ఊరికే చెప్తున్నావ్. నిజంగా ఆ రోజుల్లో వాళ్ళయితే..."

"మా అమ్మమ్మ అక్కడే ఉంటుంది, ఆ నది పక్కనే. కావాలంటే వచ్చి చెప్తుంది" అని ఆ పిల్ల నా వైపు చూసింది. "మిస్, అమ్మమ్మ రావచ్చా?"

"తప్పకుండా రావచ్చు" అన్నాను. నిజంగానే సంతోషించాను. ఆ రోజు నుంచి పిల్లలు ఆమెని వదల్లేదు. లంచ్‌లో, లైన్లో, ఆటస్థలంలో, "మీ అమ్మమ్మ ఎప్పుడొస్తుంది?" అని ఒకటే గోల. ఆ పిల్ల ముఖంలో నేను అంతకుముందు చూడని వెలుగు వచ్చింది. తన మాట నిజమని తన తరగతి ముందు రుజువు కావడం ఒక్కటే ఆ ఏడాది ఆమెకి కావలసింది.

ముందు ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒక గంట అన్నాడు. నేను నా విద్యంతా చూపించి, పూట దాకా, ఆ పైన పూర్తి రోజు దాకా సాగదీశాను. రోజంతా అన్న అనుమతి జేబులో వేసుకుని బయటికొచ్చాను. ఇది గుర్తుపెట్టుకోవాలి. నాకు కావలసింది నా దగ్గర ఉంది.

శనివారం ఇండియన్ స్టోర్ ముందు కారాపుకుని ఆ పిల్ల అమ్మమ్మకి ఫోన్ చేశాను. అమెరికా దక్షిణాది యాస, తొందర లేని మాట.

"నేనూ టీచరుగానే రిటైరయ్యాను తల్లీ" అంది. "ఒక పీరియడ్‌లో ఏం పడుతుందో నాకు తెలుసు. పిల్లలు సర్దుకుని కూర్చునేసరికి గంట కొడతారు. రోజంతా ఇవ్వు. కూర వండి తెస్తాను, మా అమ్మ కుట్టిన దుప్పటి తెస్తాను, మధ్యాహ్నం వాళ్ళని బయట చెట్ల దగ్గరికి తీసుకెళ్తాను. దానికంటే ముందు ఒక ఆదివారం నువ్వు మా ఇంటికి రా."

"ఆదివారమంటే కొంచెం కష్టమండీ. వీడియో కాల్ చేసుకుందామా?"

"వీడియోలో నీకు భోజనం పెట్టలేనుగా."

అప్పుడు ‘సరే’ అంటే అయిపోయేది. ఆవిడ అడిగింది నా జేబులోనే ఉంది. కానీ అడిగినంతా అడగ్గానే ఇచ్చెయ్యడం నా ఒంట్లో లేదు. పైగా రోజంతా సోషల్ అంటే స్టోర్‌లో తల్లులు ఏమంటారో అన్న బెంగ ఒకటి. మధ్యాహ్నం మిగిల్చుకుంటే లెక్కలు చెప్పుకోవచ్చు కదా అనిపించింది.

"ఒక పీరియడ్ ఇస్తానండీ" అన్నాను.

"రోజంతా."

"పోనీ భోజనాల దాకా?"

ఆవిడ ఏమీ అనలేదు. ఆ మౌనం నాకు బాగా తెలుసనుకున్నాను. మా నాన్న దుమ్ము దులిపే మౌనం అనుకున్నాను. అందుకని మెట్లు దిగాను.

"మీకు అంతదూరం రావడం ఇబ్బందేమో లెండి. ఈసారికి మేం పుస్తకంతోనే సర్దుకుంటాం" అన్నాను, గొంతులో కావలసినంత నిరాశ కలిపి.

"అలాగే తల్లీ. పిల్లల్ని అడిగానని చెప్పు" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఫోన్ వైపు చూసి నవ్వుకున్నాను. సోమవారానికల్లా పిలుస్తుంది అనుకున్నాను. లోపలికెళ్ళి బెండకాయలు కొన్నాను.

సోమవారం పిలవలేదు. ఆ వారమూ పిలవలేదు. మా ఆయనకి చెబితే కాఫీ కప్పు కింద పెట్టాడు.

"నువ్వు బేరం ఆడావా? ఆవిడతోనా?"

"బేరం కాదండీ. షెడ్యూలింగ్."

"ప్రిన్సిపల్ ఫుల్ డే ఇచ్చాడన్నావుగా?"

"ఇచ్చాడు. ఆ సంగతి ముందే చెప్పేస్తే ఇంక మాట్లాడుకోవడానికేముంటుంది?"

"ఆవిడ చీరలు అమ్ముతోందా తల్లీ! ఇప్పుడే కాల్ చేసి సారీ చెప్పు."

"ఇప్పుడు నేను చేస్తే మొత్తం ఆవిడ చెప్పినట్టే వినాలి."

"వింటే పోయేదేముంది?"

 దానికి జవాబు ఉన్నట్టు ముఖం పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను. మా వీధిలో ఎవరు ముందు పిలిస్తే వాళ్ళు తగ్గినట్టు. అంతే నాకు తెలిసింది.

నవంబరులో ఒకరోజు పిల్లలంతా రీసెస్‌కి పరుగెత్తాక ఆ పిల్ల నా బల్ల దగ్గర ఆగింది.

"మిస్, అమ్మమ్మ రావట్లేదు కదా."

"ఎవరన్నారు? ఇంకా మాట్లాడుతున్నాం."

"మీరు పుస్తకంతో సర్దుకుంటామన్నారట."

"అది... ఊరికే అన్న మాట అమ్మా."

ఆ పిల్ల అర్థం కానట్టు చూసింది. ఊరికే అన్న మాట అంటే ఏమిటో ఆమె ఇంట్లో ఎవరూ నేర్పలేదు. "అమ్మమ్మతో అన్నారుగా" అని బయటికి వెళ్ళిపోయింది.

అప్పుడైనా ఫోన్ చెయ్యాల్సింది. థాంక్స్‌గివింగ్ అయ్యాక చేద్దామనుకున్నాను. తర్వాత సెలవులు. తర్వాత టెస్టుల సీజన్ మొదలైంది, ప్రిన్సిపల్ నోట లెక్కలు తప్ప మరో మాట లేదు. చివరికి వసంతంలో ఆ పిల్ల తల్లికి ఫోన్ చేస్తే, పెద్దావిడకి మోకాలి ఆపరేషన్ అయిందనీ వేసవి దాకా ప్రయాణాలు వద్దన్నారనీ చెప్పింది. "మీరు అక్కర్లేదన్నారని మా అమ్మ వేరే పనులు పెట్టేసుకుంది. మీ మీద కోపమేం లేదు" అని కూడా అంది. కోపముంటే నాకు తేలికగా ఉండేది. కోపంతో ఎలా బేరమాడాలో తెలుసు.

తరగతిలో ఈలోగా పిల్లలు అడగడం మానేశారు. మానేసే ముందు ఒకడు, "నీకు అసలు అమ్మమ్మ ఉందా?" అన్నాడు. నేను వాణ్ణి కోప్పడ్డాను. కోప్పడితే నోరు మూసుకున్నాడు గానీ మనసు మార్చుకోలేదు. ఆ పిల్ల మళ్ళీ సోషల్ పీరియడ్‌లో చెయ్యెత్తలేదు. ఏడాది చివర ప్రతి పిల్లా రాష్ట్రం గురించి ఒక అట్ట తయారుచెయ్యాలి. నది బొమ్మ వేస్తుందేమో, దుప్పటి గురించి రాస్తుందేమో అని ఎదురుచూశాను. ఆమె తీరంలోని లైట్‌హౌస్ తెచ్చింది. నలుపూ తెలుపూ చారలు మెలి తిరుగుతూ పైదాకా, ఒక్కచోట కూడా రంగు చెదరకుండా. అలాంటివి తరగతిలో ఇంకో అరడజను ఉన్నాయి. అన్నిటికంటే ఆమెదే బాగుంది. ఫుల్ మార్కులు వేశాను. ఆ అట్ట వెనక్కి ఇస్తున్నప్పుడు ఆమె "థాంక్యూ మిస్" అంది, ఏ పిల్ల అయినా అన్నట్టే.

జులైలో ఒక ఆదివారం, వస్తున్నానని మాత్రం చెప్పి, ఆవిడ ఇంటికి వెళ్ళాను. మా ఆయనే డ్రైవ్ చేశాడు. దక్షిణంగా వెళ్ళేకొద్దీ పైన్ చెట్లు దగ్గరపడి, రోడ్డు పక్క చిన్న చర్చీలు ఎక్కువయ్యాయి. వంతెన మీద కారు నెమ్మది చేశాడు. నది నీళ్ళు డికాషన్ రంగులో, అద్దంలా ఉన్నాయి.

ఆవిడ కర్రతో గుమ్మం దాకా వచ్చింది. మొదట అడిగింది, "ఏం తింటారు?" మేం మాంసం తినం అని చెబితే, పంది మాంసం ముక్క వెయ్యకుండా కాలర్డ్ ఆకుకూర విడిగా వేయించి, పెనం మీద కాల్చిన రెండు మొక్కజొన్న రొట్టెల మధ్య పెట్టి ఇచ్చింది. "మాంసం లేకుండా దీన్ని మా వాళ్ళెవరికీ పెట్టలేదు. ఎలా ఉంది?" అంది. మా ఆయన ఇంకొకటి అడిగి తిన్నాడు.

తింటూనే ఆ ఫోన్ మాటలు ఎత్తాను. మా వీధి గురించి చెప్పాను. చీర పక్కకి తొయ్యడం, మెట్లు దిగడం, చెప్పుల దగ్గర ఆలస్యం చెయ్యడం, అన్నీ. ఆవిడ కర్ర పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది.

"అయితే ఆ రోజు నువ్వు మెట్ల మీద నిలబడి ఉన్నావా?"

"అవునండీ."

"నేను పిలుస్తానని?"

"అవునండీ."

ఆవిడ నవ్వింది. కళ్ళలో నీళ్ళు వచ్చేంతగా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, అంతలోనే సిగ్గేసింది. "స్కూలు వాళ్ళు ఒప్పుకోలేదు కాబోలు, పాపం ఆ మాట చెప్పలేక చుట్టూ తిప్పుతోంది అనుకున్నాను" అంది. "వెళ్తానన్న మనిషిని మేం ఆపం తల్లీ. వెళ్ళాలని ఉంది కాబట్టే వెళ్తానన్నారనుకుంటాం." 

తర్వాత దుప్పటి తెచ్చి పరిచింది. పైన్ కాయ పొలుసుల్లా మొన తేలిన గుడ్డముక్కలు మధ్య నుంచి చుట్లు చుట్లుగా బయటికి పరుచుకున్నాయి. బట్టల కొట్టు పిల్లని కదా, చెయ్యి ఆపుకోలేక అంచు తిప్పి కుట్టు చూశాను. ఆవిడ తన చిన్నప్పటి బడి గురించి చెప్పింది. తెల్లవాళ్ళకొక బడి, నల్లవాళ్ళకొక బడి, తమకి వేరే బడి. సినిమా హాల్లోనూ అలాగే, మూడు రకాల సీట్లు. మా సోషల్ పుస్తకంలో రెండే ఉన్నాయి.

"ఇదంతా మా పిల్లలకి చెప్పాలండీ" అన్నాను.

"అక్టోబరులో వస్తాను. రోజంతా."

"సరే" అన్నాను. మొదటి మాటకే. మా ఆయన నన్ను గుర్తుపట్టనట్టు చూశాడు.

అక్టోబరులో వచ్చింది. కొత్త పిల్లలు, కొత్త తరగతి. రొట్టెలు పంచింది, దుప్పటి నేల మీద పరిచి చుట్టూ కూర్చోబెట్టింది. మూడు బడుల సంగతి చెప్పినప్పుడు ఒక పిల్ల, "మరి మేమైతే ఏ బడికి వెళ్ళాలి?" అని అడిగింది. "అది వాళ్ళకీ తెలిసేది కాదు బంగారం" అంది ఆవిడ. బోర్డు మీద నేను ఆ ఏడు పట్టీ గియ్యలేదు. ఏ టీచరుకైనా దొరకాల్సిన రోజు అది.

మధ్యలో నేను ఐదో తరగతి టీచరు దగ్గరికి పరుగెత్తాను. మనవరాలిని కాసేపు పంపమంటే ఆవిడ వెంటనే ఒప్పుకుంది. ఆ పిల్ల వరండాలోకి వచ్చింది. ఏడాదిలో బాగా పొడుగైంది.

"అమ్మమ్మ మా క్లాసులో చెబుతోంది. వచ్చి కూర్చో" అన్నాను.

"నాకు తెలుసు మిస్. ఆదివారం మాకు చెప్పింది."

"అయినా రా. నువ్వు పక్కన ఉంటే బాగుంటుంది."

ఆమె మర్యాదగానే నిలబడింది. "అవన్నీ నేను వినేసినవే. అప్పుడు రమ్మన్నది నాకోసం కాదు కదా మిస్" అంది. తర్వాత తన క్లాసు తలుపు అద్దంలోంచి లోపలికి చూసింది. నిరుడు నా దగ్గర చదివిన పిల్లలు తలలు వంచుకుని దశాంశాలు చేసుకుంటున్నారు. "వీళ్ళకి చెప్పాలని."

వాళ్ళ టీచరుని అడిగి చూశాను. తరగతిని మొత్తం పంపమన్నాను, పోనీ సగం సేపన్నాను, పోనీ చివర పది నిమిషాలన్నాను. ఇంకాసేపట్లో వాళ్ళకి లెక్కల టెస్ట్ ఉంది. ఆవిడ మంచి మనిషే, నా చెయ్యి పట్టుకుని "ముందే చెప్పి ఉంటే..." అంది.

"నేను వెళ్ళనా మిస్?" అంది ఆ పిల్ల.

"వెళ్ళమ్మా."

సాయంత్రం బడి విడిచిపెట్టాక ఆమె తనంతట తానే వచ్చి దుప్పటి మడత భుజాన వేసుకుంది. అమ్మమ్మ కర్ర టకటకలాడిస్తూ నడుస్తుంటే ఇద్దరితో పాటు నేనూ కార్ల దాకా నడిచాను. బస్సుల లైన్లో నిరుటి నా తరగతి పిల్లాడొకడు ఉన్నాడు.

"ఎవరావిడ?" అన్నాడు.

"మా అమ్మమ్మ."

"ఓ. హాయ్" అన్నాడు ఆవిడతో. వాడి బస్సు నంబరు పిలిచారు. బ్యాగు సర్దుకుని పరుగెత్తాడు.